మెలిక అడుగు

పోయినవారం మనం కోచక్కను మైదానం గట్టున, నోటిదాకా వచ్చిన మాటను మింగేసి నిలబడ్డ చోట వదిలి వచ్చాం. మధ్యలో చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

నిన్నమొన్నటి దాకా ఆమె హాకీ ఆటగత్తె. పాతికేళ్లు నిండకముందే ఎడమ మోకాలు చేతులెత్తేసింది. రెండుసార్లు కోసి కుట్టాక డాక్టరమ్మ, "ఈ కాలు నడవడానికి పనికొస్తుంది తల్లీ, ఆడటానికి కాదు" అని తేల్చేసింది. జట్టు జెర్సీ పెట్టెలోకి వెళ్లింది, మెడలోకి విజిల్ వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఆట నేర్పిన పెద్ద సారే పిలిచి, జూనియర్ పిల్లలను అప్పజెప్పారు. పిల్లలు మొదట మేడమ్ అన్నారు. ఆ పిలుపు వాళ్లకీ కుదరలేదు, ఆమెకీ కుదరలేదు. కోచ్ అక్క అన్నారు. పరుగుల మధ్య అంత పొడుగు మాట పలికే తీరిక ఎవరికుంది? చివరికి కోచక్క అయి కూర్చుంది.

ఆ పిల్లల్లో ఒకతి మిడత. పొడుగు కాళ్లు, పుల్లల్లాంటి చేతులు, ఒకచోట నిలవని ఒళ్లు. పేరు పెట్టినవాళ్లు పెద్దగా ఆలోచించి ఉండరు. ఆ మిడత పోయినవారం పెనాల్టీ కార్నర్ తీసుకుంటుంటే కోచక్క చూసింది. బంతిని కాదు, ఆ పిల్ల ఎడమ పాదాన్ని. అది తన పాదమే. తనను అంత ఎత్తుకు ఎక్కించి, అంత ఎత్తు నుంచీ కిందికి తోసేసిన అడుగు.

పెనాల్టీ కార్నర్‌లో గోల్ గీత మీద నుంచి ఒకరు బంతిని బయటికి తోస్తారు. గోల్ ముందు గీసిన అర్ధచంద్రం అంచున ఇంకొకరు దాన్ని ఆపుతారు. మూడో ఆమె బాగా వంగి, ఆ బంతిని స్టిక్‌తో నేలమీదే ఈడ్చుకుంటూ వచ్చి, నడుం తిప్పి కొరడా విదిలించినట్టు విసురుతుంది. విసిరే ముందు ఎడమ కాలు ముందుకు పడుతుంది. సరైన పద్ధతిలో ఆ పాదం గోల్ వైపు తిరిగి ఉండాలి. అప్పుడు నడుం తిరిగినా కాలు దాని వెంటే తిరుగుతుంది. కోచక్క పాదం తిరిగేది కాదు. అడ్డంగా నేలను కరుచుకుని ఉండిపోయేది, పైన ఒళ్లంతా తిరిగిపోయేది. గోల్‌కీపర్లు ఎదుటివాళ్ల కాలివేళ్లు ఎటు చూస్తున్నాయో కనిపెట్టి అటు దూకుతారు. ఆమె వేళ్లు చూసేది ఒకటి, బంతి పోయేది ఇంకొకటి. దూకాల్సినవాళ్లు తేల్చుకునేలోపు బంతి వలలో ఉండేది. జట్టువాళ్లు దానికి మెలిక అడుగు అని పేరు పెట్టి ముద్దు చేశారు. కింద పాదానికీ పైన నడుముకీ మధ్య మెలిపడేది మోకాలేనని ఎవరికీ తట్టలేదు. మోకాలు కూడా చాలాకాలం నోరు విప్పలేదు.

నిజానికి ఆ అడుగు ఆమె కనిపెట్టింది కాదు. ఇంటి వెనక సందు నేర్పింది. అటు వాళ్ల గోడ, ఇటు పక్కింటి గోడ, ఒక మూల నీళ్ల డ్రమ్ము. చిన్నపిల్లగా ఆమె రోజూ సాయంత్రం ఆ సందులో బంతి ఈడ్చేది. పాదం తిప్పితే వేళ్లు వెళ్లి డ్రమ్ముకి కొట్టుకునేవి. తిప్పకుండా కొట్టడం అలవాటు చేసుకుంది. తర్వాత పెద్ద పెద్ద మైదానాలు వచ్చాయి, కావలసినంత చోటు వచ్చింది. చోటు లేక వచ్చిన అలవాటు మాత్రం పోలేదు.

ఇప్పుడు అదే అడుగు ఇంకో పిల్ల కాలికి పట్టుకుంది. ఆదివారం రాష్ట్ర జూనియర్ జట్టుకి సెలక్షన్.

*

శుక్రవారం పొద్దున్నే అమ్మ దేవుడి ముందు దీపం వెలిగించి, లేవకుండా అలాగే కూర్చుండిపోయింది. కోచక్క వంటింటి గడప మీద కాలు చాపుకుని మోకాలికి పట్టీ చుట్టుకుంటోంది.

"ఏమడుగుతున్నావమ్మా అంతసేపు?"

"ఏమీ అడగట్లేదు. అడగడం మానేశాను."

"మరి?"

"ఊరికే కూర్చున్నా." అమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "నువ్వు ఆడబోయిన ప్రతిసారీ ఇక్కడే కూర్చుని, మా అమ్మాయి గెలవాలి స్వామీ అన్నాను. దాని కాళ్లు చల్లగా ఉండాలని ఒక్కరోజన్నా అన్నానా? నేను అడిగిందే ఆయన ఇచ్చాడు. తప్పెవరిదంటావు?"

"కూర కావాలంటే ఉప్పు కూడా వెయ్యమని విడిగా చెప్పాలా అమ్మా? అంత పెద్దాయనకి ఆ మాత్రం తెలీదా?"

"నోర్ముయ్. ఆయన్నేమీ అనకు."

కసిరింది గానీ అమ్మ గొంతులో పట్టు లేదు. అదే ప్రశ్న ఆమె కూడా ఆయన ముందు పెట్టే ఉంటుంది. జవాబు రాకపోతే తనే ఏదో సర్ది చెప్పుకుని, వత్తి ఎగదోసి లేచి ఉంటుంది. భక్తి ఉన్నవాళ్లకి ప్రశ్నలు లేకపోవడం కాదు, ప్రశ్నలు ఉన్నా దీపం పెట్టడం మానరు, అంతే.

వదిన నీళ్ల సీసా తెచ్చి పక్కన పెట్టింది. "ఆడపడుచుగారూ, రాత్రి నిద్రలో ఒకటే కేకలు. పాదం తిప్పు, పాదం తిప్పు అని. గోడవతల మీ అన్నయ్య, పాపం, దుప్పట్లోంచి రెండు పాదాలూ బయటపెట్టి ఎటు తిప్పమంటుందే అని నన్నడిగాడు."

కోచక్కకు నవ్వు ఆగలేదు. నవ్వు ఆగాక వదిన కూడా గడప మీదే చతికిలబడింది.

"ఎవరి పాదం అది?"

"మిడతది. దాని అడుగు మార్చాలి వదినా. మారిస్తే ఆదివారం సెలక్షన్ పోతుంది. మార్చకపోతే..." మాట పూర్తి చెయ్యకుండా పట్టీ మీద అరచెయ్యి వేసింది.

"ఆ పిల్లకి చెప్పావా?"

"ఇవాళ చెప్తా."

"నీకు ఆ వయసులో ఎవరన్నా చెప్పుంటే వినేదానివా?"

కోచక్క సీసా అందుకుని లేచింది. కొన్ని ప్రశ్నలకు జవాబు తెలియక ఊరుకుంటాం. కొన్నింటికి తెలిసే ఊరుకుంటాం.

*

మైదానానికి అప్పుడే నీళ్లు కొట్టారు. పచ్చటి టర్ఫ్, ఆ ప్లాస్టిక్ గడ్డి పరుపు, తడిసి మెరుస్తోంది, తడి రబ్బరు వాసన వేస్తోంది. తడి మీద బంతి జారుతుంది, బూటు మాత్రం పట్టుకుంటుంది. ఆ పట్టుకోవడమే ఇన్నాళ్లూ వరం అనుకుంది తను.

గోల్‌లో గోడ నిలబడి ఉంది. గోడ అంటే వాళ్ల గోల్‌కీపర్. మనిషి కాస్త ఒళ్లున్నది, నోరు అంతకన్నా పెద్దది. హెల్మెట్ లోపలి నుంచి కూడా గట్టు దాకా వినిపిస్తుంది.

"మిడతా, ఇటు రా" అంది కోచక్క. "ఎడమ పాదం చూసుకో. పడేటప్పుడు గోల్ వైపు తిరగాలి."

"ఎందుకక్కా? బంతి బానే పోతోందిగా."

"పోతోందిలే. ఒకసారి తిప్పి కొట్టు, చూద్దాం."

మిడత పాదం తిప్పి కొట్టింది. ఒళ్లంతా ఎవరిదో చొక్కా తొడుక్కున్నట్టు అయింది ఆ పిల్లకి. బంతి నింపాదిగా దొర్లుకుంటూ వెళ్లి గోడ ప్యాడ్లకి ఆనుకుని ఆగింది.

"అక్కా, ఈ బంతి తలుపు కొట్టి, లోపలికి రావచ్చాండీ అని అడుగుతోంది" అంది గోడ.

పిల్లలంతా ఘొల్లుమన్నారు. మిడత ముఖం ఎర్రబడింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అంతే. ఒకటి పక్కకి పోయింది, ఇంకొకటి స్టిక్ కిందే ఇరుక్కుంది.

"ఇలాగైతే నేను ప్యాడ్లు విప్పేసి చెప్పులేసుకుని నిలబడతా" అని గోడ ఇంకా ఏదో అనబోయింది. అంతలో మిడత పళ్లు బిగించి, ఆపమని చెప్పకముందే ఇంకో బంతి అందుకుంది. వంగింది, ఈడ్చింది. పాదం అడ్డంగా పడింది, నడుం తిరిగింది. గోల్ వెనక చెక్క పలక ఫటేలుమంది. గోడ చెయ్యి కదిలింది గానీ, అది బంతి వెళ్లిపోయిన తర్వాత.

ఎవరూ నవ్వలేదు.

"నేను చెప్పిందేంటి, నువ్వు కొట్టిందేంటి?"

"మీరు చెప్పినట్టు కొడితే పోవట్లేదు కదక్కా."

"ఇవాళే పోదు. రెండు నెలలు పడుతుంది. అలవాటయ్యాక ఇంతకన్నా గట్టిగా పోతుంది."

"రెండు నెలలయ్యాక నాకోసం మళ్లీ సెలక్షన్ పెడతారా?"

"వచ్చే ఏడాది ఉంటుందిగా."

"వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుంది. మీకు తెలీదా? ఇదే ఆఖరుది."

తెలుసు. తెలిసి కూడా ఆ మాట అన్నందుకు కోచక్కకే సిగ్గేసింది. వంగి మోకాలి పట్టీ కిందికి లాగింది. కుట్ల గుర్తులు రెండు పక్కలా నిలువుగా, పాకే జెర్రుల్లాగా ఉన్నాయి. "ఇది చూడు. ఈ అడుగుకే ఇలా అయింది."

మిడత చూసింది. చూపు తిప్పుకోలేదు.

"అది మీ మోకాలు అక్కా. నాది కాదు."

"మోకాళ్లన్నీ ఒక్కటేనే."

"ఆటలు ఒక్కటి కాదుగా! మీరు అన్ని చోట్లా ఆడారు. విమానం ఎక్కారు. మీ ఫోటో మా బడి గోడకి అంటించారు. అన్నీ అయ్యాక కాలు పోయింది మీకు. నాకు ఏదీ మొదలవకుండానే ఆగమంటున్నారు." ఆ పిల్ల ఇంకా ఆగలేదు. "నాకెవరు నేర్పారనుకున్నారు? మీరే. మా అమ్మ ఫోన్లో, ఆ పగిలిన అద్దంలోంచి, మీ ఆట ఆపి ఆపి చూసి నేర్చుకున్నా. అప్పుడది తప్పు కాదు, అందరూ చప్పట్లు కొట్టారు. నేను వేస్తేనే తప్పా? మీకు పోయింది గనక ఇంకెవరికీ ఉండకూడదనా?"

గోడ హెల్మెట్ తీసేసింది. పక్కనున్న పిల్లలు బూట్ల వంక చూసుకుంటున్నారు.

కోచక్క కోప్పడి ఉండాల్సింది. కోచ్ అన్నాక ఆ మాటకి మైదానం చుట్టూ పరుగెత్తించాలి. పరుగెత్తించలేదు. ఎందుకంటే ఆ మాట వినగానే మనసులో ఏదో మూల, అవునేమో అన్న గొంతు పలికింది. పోయినవారం ఆ పాదం చూసినప్పుడు ముందుగా తనలో లేచింది ఏమిటి? భయమా? కాదు. అది నాది కదా, అనిపించింది. ఈ పిల్ల కాలి కింద అదేం చేస్తోంది, అనిపించింది. భయం ఆ తర్వాత వచ్చింది, ఆలస్యంగా, మర్యాద కోసం వచ్చిన చుట్టంలాగా. పిల్ల మంచి కోసమే చెబుతున్నానని ఇప్పుడు గుండెమీద చెయ్యి వేసి అనగలదా? ఒకే మాటలో మంచీ కుళ్లూ కలిసి ఉంటే, అది చెప్పాల్సిన మాటా, దాచాల్సిన మాటా?

"వెళ్లి నీళ్లు తాగు" అంది చివరికి.

మిడత స్టిక్ నేలకేసి కొట్టబోయి, ఆఖరి క్షణంలో ఆపుకుని, గట్టు ఎక్కి వెళ్లిపోయింది.

*

పెద్ద సార్ గది సామాన్ల కొట్టుకి ఆనుకుని ఉంటుంది. నొప్పుల తైలం, పాత తోలు, టీ కలిసిన వాసన. ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని ఒక స్టిక్ పిడికి కొత్త పట్టీ చుడుతున్నారు. జట్టులో ఎవరి స్టిక్ పట్టీ అరిగినా ఆయనే చుట్టాలి. ఎవరి అరచెయ్యి ఎంతో, ఎవరికి ఎక్కడ మందంగా కావాలో ఆయన వేళ్లకి తెలుసు.

"కూర్చో తల్లీ. పిల్ల అరిచిందిగా?"

"ఇక్కడికి వినిపించిందా సార్?"

"గోడ చెప్పనక్కర్లేకుండానే వినిపించింది. కుర్రతనం. నువ్వు ఇంతకన్నా ఎక్కువే అరిచేదానివి. బూట్లు మార్చమంటే నా మీదికి బూటు విసిరావు."

"పక్కకి విసిరాను సార్."

"తగిలింది నాకే."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులో పదేళ్లు ఉన్నాయి. నాన్న లేని ఇంట్లో పెరిగిన పిల్లకి, పొద్దున్నే గుమ్మం ముందు సైకిల్ గంట కొట్టి లేపినవాడు ఈయన. మొదటి ఆపరేషన్ నాడు అమ్మకన్నా ముందు ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాడు ఈయనే.

"ఆదివారం మిడత చేత కార్నర్లు తీయించను సార్. ఇంకో పిల్లని పెడతాను. అడుగు మారేదాకా దానికి ఆ పని వద్దు."

పెద్ద సార్ పట్టీ చుట్టడం ఆపలేదు. "కార్నర్లు తియ్యకపోతే మిడత ఏముంది అందులో? మిగతా ఆట అందరిలాంటిదే. సెలక్షన్‌వాళ్లు చూసేది దాని విసురే."

"తెలుసు."

"తెలిసే అంటున్నావా?"

కోచక్క గది గోడకి ఆనుకుని నిలబడింది. అడగాలా వద్దా అని చాలారోజులుగా నలుగుతున్న మాట ఒకటి ఉంది. ఆసుపత్రి మంచం మీద పుట్టి, ఇంటికొచ్చాక కూడా పక్కలో పడుకున్న మాట.

"సార్, ఒకటి అడుగుతాను. ఏమీ అనుకోకండి. నా అడుగు వల్ల కాలు పోతుందని మీకు అప్పట్లో తెలుసా?"

ఆయన చేతులు ఆగాయి. పట్టీ చివర వేలికి అంటుకుని వేలాడింది. తలెత్తి ఆమె ముఖంలోకి చూశారు.

"లేదమ్మా. తెలిసుంటే ఊరుకుంటానా? నువ్వు నా బిడ్డవి కావూ? గోల్ పడుతోంది, అదే చాలనుకున్నాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం." ఆయన కళ్లు తడయ్యాయి. "ఆ సంగతి తలుచుకోని రోజు లేదు నాకు."

ఆ తడి చూశాక ఇంకేం అడుగుతుంది? గుండెలమీద నుంచి బరువేదో దిగినట్టయింది. ఈయన్ని నమ్మకపోతే తన చిన్నతనమంతా అబద్ధమైపోతుంది.

"ఇప్పుడు తెలిసింది కదా" అన్నారాయన మెల్లగా. "మారుద్దాం. నువ్వే మార్చు. కాకపోతే ఆదివారం తర్వాత. ఒక్క ఆటకి ఏ మోకాలూ పోదు తల్లీ. ఎంపికైతే అక్కడ మంచి డాక్టర్లుంటారు, మనకన్నా తెలిసినవాళ్లుంటారు. కాకపోతే ఏం చేస్తుంది ఆ పిల్ల? వాళ్లమ్మ పక్కన లాండ్రీలో నిలబడి ఇస్త్రీ చేస్తుంది. మోకాలు మాత్రం భద్రంగా ఉంటుంది."

"నొప్పేమన్నా ఉందేమో సార్ దానికి. నేను సరిగ్గా అడగనే లేదు."

"నొప్పుంటే నాకు చెప్పదూ? గెంతుతోంది చూడు, పేరుకి తగ్గట్టు."

కోచక్క గుమ్మం దాకా వెళ్లి మైదానం వైపు చూసింది. ఇటు చూస్తే పిల్ల కాలు, అటు చూస్తే పిల్ల బతుకు. త్రాసు పట్టుకునే చెయ్యి తనదైతే, ఆ చేతిలో కాస్త కుళ్లు కూడా ఉందని తనకి తెలుసాయె. ఆ చెయ్యి ఎటు వంగినా అనుమానమే. అలాంటప్పుడు పెద్దవాళ్ల మాట వినడం తేలిక.

"సరే సార్. ఆదివారం ఒక్కటీ."

"అదీ నా తల్లి అంటే. వెళ్లి ఆ పిల్లకి చెప్పు, ఏడుపు మానేసి వచ్చి నాలుగు బంతులు కొట్టమను. నేను గట్టు మీద ఉంటా. టర్ఫ్ ఆరిపోకముందే రమ్మను."

మాట అనేశాక ఒళ్లు తేలికైంది. గుమ్మం దాటాక ఆ తేలికను చూసుకుంటే మనసు బాగోలేదు.

*

బట్టలు మార్చుకునే గది ప్రేక్షకుల మెట్ల వెనక, పై అంతస్తులో ఉంటుంది. అక్కడికి ఇనుప కమ్మీ ఉన్న సిమెంటు మెట్లు ఎక్కి వెళ్లాలి. కోచక్క మలుపు దగ్గరికి వచ్చి కాలికి ఊపిరి ఇవ్వడానికి ఆగింది. పైనుంచి మిడత దిగి వస్తోంది. చుట్టూ ఎవరూ లేరనుకుంది కాబోలు, తలెత్తలేదు.

పక్కకి తిరిగి దిగుతోంది. రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఎడమ కాలు వంచకుండా ముందుగా కింది మెట్టు మీద పెట్టి, కుడి కాలు తెచ్చి దాని పక్కన చేర్చి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఎడమ కాలు. ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ కలుస్తున్నాయి.

కోచక్కకి ఆ దిగడం తెలుసు. మోకాలు పాడవుతుంటే మైదానంలో ఎవరికీ తెలియదు. ఒళ్లు వేడెక్కాక పరుగు పరుగే, విసురు విసురే. మెట్లు ఎక్కేటప్పుడు కూడా పళ్లు బిగించి గబగబా ఎక్కేయొచ్చు. అబద్ధమాడలేనిది దిగేటప్పుడే. ఆట మానడానికి ముందు ఆఖరి ఏడాదంతా తను ఇలాగే దిగింది. జట్టంతా వెళ్లిపోయేదాకా లేసులు కట్టుకుంటున్నట్టు నటించి, అందరికన్నా వెనక, ఇలాగే పక్కకి తిరిగి. ఇన్నాళ్లూ ఈ పిల్ల మణికట్టునూ పాదాన్నీ చూసింది గానీ, మెట్లు దిగుతుంటే ఒక్కసారన్నా చూసిందా?

"ఎన్నాళ్ల నుంచి?"

మిడత ఉలిక్కిపడింది. వెంటనే నిటారుగా నిలబడి రెండు మెట్లు మామూలుగా దిగింది. రెండో మెట్టు మీద ముఖం ముడుచుకుపోయింది.

"ఏంటక్కా?"

"ఆ కాలు."

"కాలేంటి? లేసు ఊడితే తొక్కుతానేమోనని..."

"ఆ లేసులు నేనూ చాలా కట్టాను గానీ, చెప్పు."

మిడత కమ్మీ వదిలేసి మెట్టు మీదే కూర్చుంది. కూర్చునేటప్పుడు కూడా ఎడమ కాలు ముందుకు చాపే కూర్చుంది.

"వానలప్పటి నుంచి."

"వాపు వస్తుందా?"

"రాత్రికి వస్తుంది. పొద్దున్నకి తగ్గుతుంది."

"మీ అమ్మకి చెప్పావా?"

"చెప్తే మాన్పించదూ?"

"నాకు?"

పిల్ల గోటితో ప్యాంటు కుట్టు పీకుతోంది.

"అంటే ఎవరికీ చెప్పలేదు."

"పెద్ద సార్‌కి చెప్పాను."

కోచక్క ఒక మెట్టు పైకెక్కింది. "ఏ పెద్ద సార్‌కి?" అంది. ఇంకో పెద్ద సార్ ఎవరో ఉన్నట్టు.

"మన సార్‌కే. మొదట్లోనే చెప్పా. ఆయనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. మీ డాక్టరమ్మ దగ్గరికి కాదు, ఆటగాళ్లని చూసే పెద్దాయన లేడూ, ఆయన దగ్గరికి. ఆయన నా చేత అడుగు వేయించి చూసి, ఇది మానకపోతే కాలు దక్కదన్నాడు. సార్ నాతో, సెలక్షన్ దాకా ఓర్చుకోమ్మా, కోచక్కకి మాత్రం చెప్పకు, అసలే దాని మనసు బాగోలేదు అన్నారు."

నొప్పుంటే నాకు చెప్పదూ అన్న గొంతు ఇంకా కోచక్క చెవిలోనే ఉంది, తైలం వాసనతో సహా.

మిడత ఆమె ముఖం చూసి భయపడింది. భయపడితే ఆ పిల్ల నోరు ఆపుకోలేదు, ఉన్నదంతా కక్కేస్తుంది.

"ఇంకోటి కూడా అన్నాడక్కా ఆ డాక్టరు. నేను బయట బల్ల మీద కూర్చున్నా, తలుపు తీసే ఉంది. సార్ మీద విసుక్కున్నాడు. ఆ అమ్మాయి విషయంలో కూడా మీకు ఇదే చెప్పాను, మొదటిసారి వాచినప్పుడే చెప్పాను, మీరు విన్నారా అని. ఆ అమ్మాయంటే... మీరే అనుకుంటా."

మైదానంలో ఎవరో బంతి కొడుతున్నారు. చెక్క పలక మోత వస్తోంది, ఆగుతోంది, వస్తోంది. మొదటిసారి వాచినప్పుడు తనకి పెద్ద సార్ చెప్పిందేమిటో కోచక్కకి బాగా గుర్తుంది. బెణికింది తల్లీ, మంచు ముక్క పెట్టుకో, రేపటికి తగ్గిపోతుంది. ఆ రాత్రి మంచు కూడా ఆయనే తెచ్చి ఇచ్చారు. ఇందాక ఆ కళ్లలో కనిపించిన తడి మరి దేనికి? అబద్ధానికా? పశ్చాత్తాపానికా? రెండూ ఒకే కంట్లో ఉంటాయా?

కింద నుంచి కేక వినిపించింది. "మిడతా! ఎక్కడున్నావమ్మా? టర్ఫ్ ఆరిపోతోంది, త్వరగా రా!"

అదే గొంతు. పదేళ్లు ఆమెను నిద్ర లేపిన గొంతు. అందులో ఎంత ముద్దుండేదో, ఇప్పుడూ అంతే ఉంది.

మిడత కమ్మీ పట్టుకుని లేచింది. కళ్లు ఒకసారి మైదానం వైపు, ఒకసారి కోచక్క వైపు తిరిగాయి.

"వెళ్లనా అక్కా?"

కోచక్క రెండు చేతులూ చాచింది. ఒకటి గోడకి, ఒకటి కమ్మీకి ఆనించి, మెట్ల మధ్య అడ్డంగా నిలబడింది.

"నువ్వు ఇందాక అన్నది నిజమే" అంది. "నాకు కుళ్లు ఉంది. నీ విసురు చూస్తే కడుపులో మండుతుంది. అయినా సరే, కూర్చో."

"సార్ పిలుస్తున్నారక్కా..."

"వినపడింది. కూర్చో."

మిడత కూర్చుంది. బంతి మోత ఆగిపోయింది. కాసేపటికి, గట్టు మీద నుంచి తెలిసిన బూట్ల చప్పుడు ఒకటి నింపాదిగా మెట్ల వైపు రావడం మొదలైంది. కోచక్క చేతులు దించకుండానే అటు తిరిగింది.